పెసలకు బదులు మినుములు

విడిభాగాల దుకాణానికి వెళ్లి ఆయిల్ ఫిల్టరు కావాలంటే, కౌంటరు వెనకాల మనిషి వెంటనే డబ్బా తీసి ఇవ్వడు. ఏ బండి అంటాడు. ఏ ఏడాది మోడలు అంటాడు. పెట్రోలా, డీజిలా అని అడుగుతాడు. అనుభవం ఉన్నవాడైతే చాసిస్ నంబరు తెచ్చారా అని కూడా అడుగుతాడు. విజయవాడ ఆటోనగర్‌లోనూ సికింద్రాబాదు రాణీగంజ్‌లోనూ రోజూ నడిచే సంభాషణే ఇది. ఇంటి ముందు తన బండిని తానే సర్వీసు చేసుకుందామని బయల్దేరిన కొత్తవాడికి ఈ ప్రశ్నలు విసుగు పుట్టించవచ్చు. "ఏదో ఒక మంచి ఫిల్టరు ఇవ్వండి" అనాలనిపించవచ్చు. మంచి బియ్యం ఇవ్వమంటే అందులో అర్థం ఉంది. మంచి ఫిల్టరు ఇవ్వమంటే మాత్రం, అది దేనికి మంచిదో చెప్పేదాకా వాక్యం పూర్తికాదు. ఒక ఇంజనును పదేళ్లు కాపాడే వస్తువు పక్క ఇంజనును పాడుచేయగలదు. అంటే 'సరైనది' అనే గుణం ఆ డబ్బాలో లేదు. ఆ వస్తువుకూ అది చేరబోయే చోటుకూ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. మంచితనం వస్తువులో ఉంటుందా, సంబంధంలో ఉంటుందా అన్నది తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. అది మన పెరట్లోకి, జాకీ మీద లేచి నిలబడ్డ కారు కిందికి కూడా వచ్చి చేరుతుంది.

బండి భాగాల ప్రస్తావన రాగానే తత్త్వం చదివినవారికి నాగసేనుడి రథం గుర్తుకొస్తుంది. చక్రమా రథం, ఇరుసా రథం, నొగా రథం అని మిలింద రాజును ఆ భిక్షువు అడిగిన సంగతి ప్రసిద్ధం. భాగాలన్నీ మార్చేశాక బండి పాత బండేనా అన్న చర్చ దానికి దగ్గరి చుట్టం. ఆ చర్చ నాకు ఇష్టమే గాని, స్పానరు పట్టుకున్న మనిషికి దానివల్ల తేలేది తక్కువ. అతని ముందున్న ప్రశ్న వేరు. ఉండవలసినది అరిగిపోయింది లేదా దొరకడం లేదు. దాని స్థానంలో మరొకటి పెట్టాలి. ఒకదాని స్థానంలో మరొకటి నిలబడే అర్హత దేనివల్ల వస్తుంది? ఈ ప్రశ్నను మన దేశంలో అందరికంటే ఓపికగా, నిర్దయగా తరచి చూసినవారు, వేదవిధుల అర్థాన్ని విచారించిన మీమాంసకులు. వారి మూలగ్రంథం జైమిని సూత్రాల్లో ఆరో అధ్యాయం మూడో పాదం చాలా భాగం దీనికే కేటాయించారు. అక్కడి పారిభాషిక పదం 'ప్రతినిధి'. ఇవాళ మనం ఆ మాటను శాసనసభ్యుడికి వాడుకుంటున్నాం. వారి దృష్టిలో అది యజ్ఞంలో అసలు ద్రవ్యం లేనప్పుడు దాని బదులు వాడే ద్రవ్యం. అసలుది 'ముఖ్యం', బదులుది ప్రతినిధి. కారు విడిభాగాల కొనుగోలుకు ఇంతకంటే సరిపోయే ఆలోచనా చట్రం నాకు మరెక్కడా కనిపించలేదు.

వారి విచారం ఇలా సాగుతుంది. యజ్ఞానికి వ్రీహి, అంటే వడ్లు, కావాలని విధి ఉంది. వ్రీహి దొరకలేదు. యజ్ఞం మానేయాలా? అక్కర్లేదు, నీవారధాన్యం వాడవచ్చు అన్నారు. నీవారం అంటే విత్తకుండా మొలిచే అడవి వడ్లు. ఎందుకు వాడవచ్చు? వ్రీహిలా కనిపిస్తుందని కాదు. వ్రీహిలో ఉన్న అవయవాలు చాలావరకు నీవారంలోనూ ఉన్నాయి కాబట్టి. మీమాంసకుల లెక్కలో సాదృశ్యం అంటే కంటికి కనిపించే పోలిక మాత్రమే కాదు, ఎక్కువ అవయవాలు ఉమ్మడిగా ఉండటం. సోమలత దొరకకపోతే పూతీకం పిండమని వేదమే చెప్పింది కాబట్టి అక్కడ పోలిక వెతికే పనే లేదు, విధివాక్యమే చాలు. ఆ తరవాత వచ్చే నియమం మరీ సూక్ష్మమైనది. పెసలతో చరువు, అంటే దేవతకు అర్పించే ఉడికిన ధాన్యం, వండాలి, పెసలు లేవు. చేతికందే దూరంలో మినుములు ఉన్నాయి. గింజ పరిమాణం, ఆకారం, పప్పుగా విడిపోయే తీరు అన్నీ పెసలకు దగ్గరే. అయినా మినుములు వాడకూడదన్నారు. వాటిని యజ్ఞానికి పనికిరావని శ్రుతి ప్రత్యేకంగా తోసిపుచ్చింది. పోలిక ఎంత ఉన్నా, ఆ పనికి నిషిద్ధమైనది ప్రతినిధి కాలేదు. అంటే బదులు వస్తువుకు రెండు పరీక్షలున్నాయి. పని చేయించే అవయవాలు ఉమ్మడిగా ఉండాలి. ఆ స్థానానికి నిషేధం ఏదీ ఉండకూడదు. రెండింట్లో ఒకటి నెగ్గితే చాలదు.

ఇప్పుడు ఆయిల్ ఫిల్టరు దగ్గరికి వద్దాం. స్క్రూలా తిప్పి బిగించే ఫిల్టర్లలో 20 మిల్లీమీటర్ల మరలు ఉన్నవి ఉన్నాయి, ముప్పావు అంగుళం మరలు ఉన్నవీ ఉన్నాయి. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. మరల మధ్య ఎడం కూడా దగ్గర దగ్గరే: ఒకదానిలో 1.5 మిల్లీమీటర్లు, మరోదానిలో సుమారు 1.59. డబ్బా ఎత్తు, రంగు, రబ్బరు రింగు వెడల్పు ఒకేలా ఉండవచ్చు. పెద్ద మర ఉన్న ఫిల్టరును చిన్న మర ఉన్న స్టడ్డుకు తిప్పితే అది ఎక్కినట్టే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. ఇంజను నడుస్తూ నూనె ఒత్తిడి పెరిగినప్పుడు ఊడిపోయే ప్రమాదం ఉంది. మరలు సరిగ్గా కుదిరిన చోట కూడా పని అయిపోలేదు. చాలా ఫిల్టర్ల లోపల ఒక బైపాస్ వాల్వు ఉంటుంది. కాగితం మురికితో మూసుకుపోయినప్పుడు నూనె ఇంజనుకు అందకుండా పోకూడదని ఒక నిర్ణీత ఒత్తిడి దగ్గర అది తెరుచుకుంటుంది. ఇంజను ఆపాక నూనె కిందికి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు మరొకటి ఉంటుంది. ఇవేవీ బయటి నుంచి కనిపించవు. ఒకే మరలు, ఒకే కొలతలు ఉన్న రెండు ఫిల్టర్లలో బైపాస్ ఒత్తిడి వేరుగా ఉండవచ్చు. కంటికి పెసలే, పనిలో మినుములు. "పాతదానిలాగే ఉంది, చక్కగా ఎక్కింది" అన్నది ఇంట్లో పని చేసుకునేవారు ఎక్కువగా ఆధారపడే రుజువు. అవయవ సాదృశ్యం అడగవలసిన చోట అది ఆకార సాదృశ్యం చూపించి ఊరుకుంటుంది.

జైమిని సూత్రాల ఆ పాదంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. వ్రీహి లేక నీవారం తెచ్చుకున్నారు. పని మధ్యలో ఆ నీవారమూ పోయింది. ఇప్పుడు మరో ధాన్యం తేవాలి. అది దేనిలా ఉండాలి, పోయిన నీవారంలాగానా, మొదటి వ్రీహిలాగానా? చేతిలో నిన్నటిదాకా ఉన్నది నీవారం కాబట్టి దానిలాంటిది వెతకడమే సహజమనిపిస్తుంది. మీమాంసకులు ఒప్పుకోలేదు. ముఖ్యానికి దగ్గరగా ఉన్నదాన్నే తేవాలి, ప్రతినిధికి ప్రతినిధిని తేకూడదన్నారు. కారణం తేలికగానే బోధపడుతుంది. నకలును చూసి నకలు తీస్తూ పోతే ప్రతి మెట్టులోనూ కొంత అసలు జారిపోతుంది, నాలుగో మెట్టుకు ఏమీ మిగలదు. పాత సామాను చేతిలో పట్టుకుని "ఇలాంటిది కావాలి" అని కౌంటరు మీద పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. రెండో చేతి బండి విషయంలో ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి. బండిలో ఇప్పుడున్న బ్రేక్ ప్యాడు, ప్లగ్గు, బెల్టు ముందటి యజమాని పెట్టించినవి. అప్పటికి ఏది దొరికితే అది పెట్టించి ఉండవచ్చు. అది ప్రతినిధి కావచ్చు, ప్రతినిధికి ప్రతినిధి కావచ్చు, మొదటి నుంచీ తప్పు వస్తువే కావచ్చు. దానికి జతగా ఉన్నదాన్ని కొంటే ఆ తప్పును మరో రెండేళ్లు కొనసాగించినట్టే.

ముఖ్యం ఎక్కడుందో తెలుసుకునే దారి ఉంది. బండి మీద చెక్కిన చాసిస్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఒకటి, సున్నాలతో పొరబడకుండా మూడు ఇంగ్లీషు అక్షరాలను అందులో వాడరు. తయారీదారు విడిభాగాల జాబితాలో ఆ నంబరుతో వెతికితే ఆ బండికి పుట్టినప్పుడు పెట్టిన భాగం నంబరు తెలుస్తుంది. బండితో వచ్చిన పుస్తకంలో నూనె తరగతి, పరిమాణం, ప్లగ్గు రకం ఉంటాయి. వీటిని కాదని బండి పేరు మీద ఆధారపడితే సరిపోదు. మారుతి 800 అనే పేరు 1983 నుంచి మూడు దశాబ్దాలు నడిచింది. 1986లో ఆ పేరు కింద బండి స్వరూపమే మారింది. తరవాత కార్బ్యురేటరు ఇంజను పోయి, ఇంధనాన్ని చిమ్మే పద్ధతిలో పన్నెండు వాల్వుల ఇంజను వచ్చింది. పేరు అదే, ఇంజను ఘనపరిమాణం అదే 796 సీసీ, లోపలి సంగతి వేరు. పేరు చెబితే వస్తువు తెలిసిపోతుందని మనకో నమ్మకం ఉంటుంది. నామానికీ నామికీ ఉన్న ముడి ఎంత వదులైనదో తెలియడానికి ఒక ప్లగ్గు కొనబోయినా చాలు.

ఇంతవరకూ చెప్పింది తక్కువ రకం వస్తువు గురించని అనుకోవచ్చు. అసలు చిక్కు ఎక్కువ రకం వస్తువుతో. డబ్బు కొంచెం ఎక్కువ పెట్టి 'ఇంకా మేలైనది' కొంటే తప్పేముంది అని మంచి మనసుతోనే అడుగుతారు. బండి మీద ప్రేమ ఉన్నవారే ఈ పొరపాటు ఎక్కువగా చేస్తారు. మేలైనది వేరు, తగినది వేరు అన్నదానికి బ్రేక్ ఆయిల్ గట్టి సాక్ష్యం. డాట్ 3 కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, డాట్ 4కు 230, డాట్ 5కు 260. అంకె పెరిగితే నాణ్యత పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ 3, 4 గ్లైకాల్ జాతి ద్రవాలు, 5 సిలికోన్. ఆ రెండు జాతులూ ఒకదానితో ఒకటి కలవవు. గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను తనలో కలుపుకుంటుంది. సిలికోన్ కలుపుకోదు కాబట్టి లోపల చేరిన నీరు విడిగా, బొట్టుగా మిగులుతుంది. ఆ బొట్టు నూరు డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. ఘాటు రోడ్డు దిగుతూ బ్రేకు తొక్కితే పెడలు నేలకు తగులుతుంది. పైగా డాట్ 5.1 అని మరొకటి ఉంది. పేరులో 5 ఉన్నా అది గ్లైకాల్ జాతిదే. అంకెల్లో పక్కపక్కనే కూర్చున్న రెండు వస్తువులు స్వభావంలో శత్రువులు. ఫ్యూజు సంగతి ఇంకా స్పష్టం. ఎర్రటి 10 ఆంపియర్ల ఫ్యూజు పదేపదే పోతోందని ఆకుపచ్చ 30 ఆంపియర్లది పెట్టేవారున్నారు. కొత్తది పోదు, లైటు వెలుగుతుంది, సమస్య తీరినట్టే ఉంటుంది. తీగ కాలకుండా తాను కాలిపోవడమే ఫ్యూజు స్వధర్మం. కాలిపోని ఫ్యూజు బలమైనది కాదు, తన పని మానేసినది. ఇంజన్ ఆయిల్ మూడో సాక్ష్యం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టి కాల్చే వడపోత చేరింది. మసి కాలిపోతుంది గాని, నూనెలోని కొన్ని లోహ సమ్మేళనాలు కాలినప్పుడు మిగిలే బూడిద కాలదు, వడపోతలోనే పేరుకుపోతుంది. అందుకే ఆ బండ్లకు తక్కువ బూడిద నూనె చెప్పారు. పాత డీజిల్ ఇంజన్లను శుభ్రంగా ఉంచినందుకు ఏళ్ల తరబడి మెప్పు పొందిన నూనె, ఆ మెప్పుకు కారణమైన సమ్మేళనాల వల్లనే ఇక్కడ నిషిద్ధమైంది. మినుములు చెడ్డ ధాన్యమని మీమాంసకులు అనలేదు. ఇంట్లో గారెలు వండుకోవచ్చు. ఆ చరువులో మాత్రం వేయకూడదన్నారు.

మరి తగినదని తెలిసేది ఎలా? ప్రత్యక్షం, అంటే కంటిచూపు, చాలదని ఫిల్టరు దగ్గరే తేలింది. కూలెంట్ రంగు చూసి ఇది అదే రకమని తేల్చేవారున్నారు. ఆ రంగులకు అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు. ఒకరి ఆకుపచ్చ మరొకరి ఆకుపచ్చతో పడకపోవచ్చు. అనుమానమూ, అంటే తెలిసినదాన్నిబట్టి తెలియనిదాన్ని ఊహించడమూ, తేలికగా దారి తప్పుతుంది. ఎన్‌జీకే ప్లగ్గుల మీద వేడి అంకె పెరిగితే ప్లగ్గు చల్లటి రకం అవుతుంది. బాష్ ప్లగ్గుల మీద అంకె పెరిగితే వేడి రకం అవుతుంది. ఒక సంప్రదాయంలో నేర్చుకున్న వ్యాప్తిని, అంటే సాధారణ నియమాన్ని, మరో సంప్రదాయానికి చాపితే తలకిందులవుతుంది. మిగిలింది శబ్దం, అంటే తెలిసినవారి మాట. మన తర్కశాస్త్రమైన న్యాయం ఇక్కడ చాలా ఉదారంగా మాట్లాడింది. విషయాన్ని నేరుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలనే కోరిక ఉన్నవాడు ఆప్తుడని, ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు రాశాడు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, తెలుగునేల తనవాడని చెప్పుకునే పండితుడు, అదే మాటను ఇంకా పొట్టిగా చెప్పాడు. కులం, పదవి, అద్దాల షోరూము ఏవీ ఆప్తత్వానికి గుర్తులు కావు. ఆటోనగర్‌లో చొక్కాకు గ్రీజు మరకలున్న కౌంటరు కుర్రాడు "ఇది మీ బండికి పట్టదండీ, రేపు తెప్పిస్తాను" అని చేతికందిన అమ్మకాన్ని వదులుకున్నాడంటే ఆ రెండు లక్షణాలూ అతనిలో ఉన్నట్టే. ఎరుక ఉంది, ఉన్నది చెప్పాలన్న కోరికా ఉంది. అలాంటి దుకాణం దొరికితే నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా అక్కడికే వెళ్లాలి.

అయినా ఆ మాటను ఎంతవరకు నమ్మాలి? ఇక్కడ మీమాంసకులకూ, న్యాయశాస్త్రం అనుసరించే నైయాయికులకూ మధ్య ఉన్న పాత తగవు పనికొస్తుంది. ఒక జ్ఞానం పుట్టగానే ప్రమాణమే, దాన్ని కొట్టేసేది మరొకటి వచ్చేదాకా అనుమానించనక్కర్లేదని మీమాంసకుడు కుమారిలుడి పక్షం. జ్ఞానం ప్రమాణమని తేలేది దాన్ని నమ్మి చేసిన పని ఫలించినప్పుడేనని నైయాయికుల పక్షం. దూరాన కనిపించింది నీరని, వెళ్లి తాగి దాహం తీరాక రూఢి అవుతుంది. వైపరు బ్లేడు విషయంలో నేను నైయాయికుణ్ణి. వాన పడ్డనాడు అద్దం శుభ్రంగా తుడిస్తే అది సరైనది, తుడవకపోతే మార్చేయవచ్చు. బ్రేక్ ప్యాడు విషయంలో ఆ పరీక్షకు వేచి ఉండలేం. అది ఫలించలేదని తెలిసే క్షణం మరీ ఆలస్యమైనది, ఆ క్షణాన ఎదురుగా ఉండేది మనమే కాకపోవచ్చు, రోడ్డు దాటుతున్న ఎవరో కావచ్చు. అలాగని కుమారిలుడి పక్షాన కళ్లు మూసుకుని నిలబడటమూ కుదరదు. ఆయన కూడా దోషం కనిపిస్తే జ్ఞానం కొట్టుబడిపోతుందనే అన్నాడు. కాబట్టి దోషం ఎక్కడ కనిపిస్తుందో వెతకడం కొనేవాడి పని. అట్ట మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ ధర ఉన్నాయా? భాగం నంబరు జాబితాలోని నంబరుతో అక్షరం తప్పకుండా కలుస్తోందా? బిల్లు ఇస్తున్నారా? ధర నమ్మలేనంత తక్కువగా ఉందా? ఇవన్నీ చూసినా వస్తువు సరైనదని రుజువు కాదు. నమ్మకానికి అడ్డు వచ్చేది కనబడలేదని మాత్రమే తేలుతుంది. ఇంట్లో పని చేసుకునే మనిషికి అంతకు మించిన ఎరుక దొరకదు. ఆ పరిమితిని గుర్తుపెట్టుకుని అడుగు వేయడమే నిజాయితీ.

ఇంత వెతుకులాట ఎందుకు, కంపెనీ పేరున్న డబ్బా కొంటే సరిపోదా అని మొదటి ఆక్షేపణ. చాలాసార్లు సరిపోతుంది. కొనగలిగినవారు కొనాలి కూడా. అయితే అదే సమాధానమనుకుంటే ప్రశ్నను దాటవేసినట్టే. కార్ల కంపెనీలు అన్ని భాగాలూ తామే చేయవు. ప్యాడులూ ఫిల్టర్లూ ప్లగ్గులూ ఎక్కువగా బయటి సంస్థలు చేసి ఇస్తాయి. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలు విడిభాగాలూ, లోపాలు పట్టే పరికరాలూ బయటి మార్కెట్లోకీ స్వతంత్ర మెకానిక్కుల చేతికీ చేరకుండా కట్టడి చేస్తున్నారన్నది ఆ ఉత్తర్వులోని ప్రధాన అభియోగం. వ్యవహారం అప్పీళ్లకు వెళ్లింది. తీర్పు మాట అటుంచితే, 'అసలు' అనే మాట వెనక నాణ్యతతోపాటు దాన్ని ఎవరు అమ్మాలన్న అధికారం కూడా ఉందని ఆ వ్యవహారం బయటపెట్టింది. రెండో సంగతి, కంపెనీ డబ్బాలోని వస్తువే అయినా పక్క మోడలుకు చెందినదైతే అది తప్పు వస్తువే. డబ్బా మీది ముద్ర పుట్టుకను చెబుతుంది, పొందికను చెప్పదు. ఇక్కడే ఒక తేడా గట్టిగా చెప్పుకోవాలి. తన పేరుతో, తన నంబరుతో, ఫలానా బండికి పనికొస్తుందని చెప్పి అమ్మే వేరే సంస్థ భాగం నీవారం లాంటిది. కొనేవాడికి తాను వాడుతున్నది ప్రతినిధి అని తెలుసు. మరొకరి పేరు అచ్చేసుకుని వచ్చే డూప్లికేటు ప్రతినిధి కాదు, అబద్ధం. అది బాగానే పని చేసినా అబద్ధమే. మన బజారుభాషలో ఈ రెండింటినీ కలిపి 'లోకల్' అనేస్తున్నాం. ఒక నిజాయితీ గల చిన్న తయారీదారును దొంగ పక్కన నిలబెట్టే మాట అది, మానుకోవాలి.

యజ్ఞానికీ కారు సర్వీసుకూ పోలిక తేవడం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమని రెండో ఆక్షేపణ. దీన్ని తేలిగ్గా తీసుకోలేను. యజ్ఞఫలం అదృష్టం, అంటే కంటికి కనిపించనిది. అందుకే అక్కడ మాటే ప్రమాణం. బండి ఫలం దృష్టం, కంటికి కనిపించేది. ఆ తేడాను మీమాంసకులే అందరికంటే గట్టిగా పట్టుకున్నారు. దృష్టప్రయోజనం దొరికేచోట అదృష్టాన్ని ఊహించకూడదన్నది వారి నియమమే. నేను చెప్పేది కారు పని పవిత్రమని కాదు. వెనక పెద్ద వ్యవస్థ ఉండి, మన చూపు అందులో కొంతవరకే చేరే చోట, 'బదులు' అనే ఆలోచన ఎలా నడవాలో వారు చూపించారు. లోపలి వాల్వు ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో ఇంజినీరుకు దృష్టం. పెరట్లో కూర్చున్న మనకు అది అదృష్టంలాంటిదే, ఒకరి మాట మీద ఆధారపడవలసినదే. విజయదశమినాడు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే సంప్రదాయాన్ని నేను గౌరవిస్తాను. మన బతుకు ఆధారపడిన పనిముట్టుకు ఏడాదికొకసారి తలవంచడం మంచి సంస్కారం. ఆ నమస్కారంలో ప్యాడు మందం ఎంత మిగిలిందో చూడటం కూడా ఇమిడి ఉందని నా అభిప్రాయం. దృష్టంగా చేయవలసింది వదిలేసి అదృష్టం మీద భారం వేస్తే మీమాంసకుడు కూడా ఒప్పుకోడు.

డబ్బు లేనివాడి సంగతేమిటన్నది అన్నిటికంటే బరువైన ఆక్షేపణ. కిరాయికి కారు నడిపి ఇల్లు గడుపుకునే మనిషికి ముఖ్యం, ప్రతినిధి అని పాఠం చెప్పడం క్రూరం కాదా? ప్రతినిధి అనే ఆలోచన పుట్టిందే లేనివాడి కోసం. జైమిని సూత్రాల అదే పాదం మొదట్లో నిత్యకర్మకూ కామ్యకర్మకూ ఒక భేదం చూపించారు. రోజూ తప్పక చేయవలసిన నిత్యకర్మలో అన్ని అంగాలూ సమకూరకపోయినా, శక్తి ఉన్నంతలో చేసినా చేసినట్టే. ఏదో కావాలని కోరి చేసే కామ్యకర్మలో మాత్రం ఒక్క అంగం తగ్గినా ఫలం లేదు. బండికీ ఇది అతుకుతుంది. వేళకు నూనె మార్చడం, బ్రేకులు చూసుకోవడం నిత్యం. పుస్తకం చెప్పిన తరగతికి సరిపోయే సాదా పేరు నూనె వేళకు పోస్తే, ఖరీదైన నూనె కొనాలని ఆరు నెలలు వాయిదా వేసినవాడికంటే అతను బండిని బాగా చూసుకున్నట్టే. వేగం పెంచాలని, శబ్దం మార్చాలని, వెడల్పు టైర్లు వేయాలని చేసే మార్పులు కామ్యం. అక్కడ సగం సగం కుదరదు. శక్తి పెంచి బ్రేకులు పాతవే ఉంచితే చేసిన పని మొత్తం తప్పు. పేదవాడికి తగ్గించుకునే వీలు నిత్యంలో దొరికింది, స్తోమత ఉండి సరదా పడేవాడికి కామ్యంలో దొరకలేదు. ఇంత న్యాయమైన ఏర్పాటు విడిభాగాల విషయంలో మరెవరైనా చెప్పారేమో నాకు తెలియదు. దేవతకూ, అగ్నికీ, మంత్రానికీ, చేయవలసిన క్రియకూ ప్రతినిధి లేదని కూడా అన్నారు. బ్రేకుల దగ్గర తరగతిలోనూ కొలతలోనూ సర్దుబాటు లేదని నేను ఆ వరుసలోనే పెట్టుకుంటాను. ధర తగ్గించుకోవాలంటే మరోచోట తగ్గించుకోవాలి.

ఇవన్నీ తెలియాలంటే మెకానిక్కుకు వదిలేయడమే మేలు కదా అంటారు. కొన్ని పనులు వదిలేయాల్సిందే. ఎయిర్‌బ్యాగుల జోలికి ఇంట్లో పోకూడదు. కానీ వదిలేసినా బాధ్యత పూర్తిగా చేయి దాటదు. యజమానికి ప్రతినిధి లేడని మీమాంస చెప్పింది. యజ్ఞం జరిపించే ఋత్విక్కులను నియమించుకోవచ్చు, దక్షిణ ఇవ్వవచ్చు, సంకల్పం మాత్రం తనదే, ఫలమూ తనదే. షెడ్డులో బండి వదిలి తాళాలిచ్చిన మనిషి కూడా ఏ నూనె పోశారు, ఏ ప్యాడు వేశారు అని అడిగి బిల్లు చూడాలి. తానే చేసుకునేవాడు యజమాని, ఋత్విక్కు రెండూ అవుతాడు కాబట్టి అడగడానికి ఎదురుగా మరొకరు ఉండరు, తనను తానే అడగాలి. నూనె దించే బోల్టు కింద రాగి వాషరో అల్యూమినియం వాషరో ఉంటుంది. బిగించినప్పుడు కొంచెం నలిగి సందు మూస్తుంది, అందుకే చాలా బండ్లకు దాన్ని ఒక్కసారికే వాడమంటారు. నూనె మీద వేలు ఖర్చుపెట్టి, కొన్ని రూపాయల ఆ వాషరు కొనడం మరిచిపోయి, పాతదాన్నే తిప్పి వేసి, నూనె చుక్క చుక్కగా కారుతుంటే బోల్టును ఇంకా గట్టిగా బిగించి మరలు తెంపుకునేవారు ఎందరో. 'శేషం' అంటే తనకోసం కాక మరొకదాని కోసం ఉండేదని జైమిని నిర్వచించాడు. ఆ వాషరుకు తనదంటూ ఏ ప్రయోజనమూ లేదు. తాను నలిగి నూనెను లోపల నిలపడానికే ఉంది.

పని ముగిశాక చేతులు తుడుచుకుని, ఒక నోటుపుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, వేసిన ప్రతి భాగం నంబరు, తయారీదారు పేరు రాసి, అసలుది దొరక్క బదులు వేసినదైతే ఆ మాట కూడా రాసి డాష్‌బోర్డు అరలో పెట్టాలి. బండి ఎప్పటికీ మన దగ్గరే ఉండదు. ఐదేళ్లకో ఎనిమిదేళ్లకో అమ్ముతాం. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తన ఇంటి ముందు అదే బండి కింద పడుకుని, మనం బిగించిన ఫిల్టరు విప్పి చేత్తో పట్టుకుని, దుకాణానికి బయల్దేరతాడు. అతని చేతిలో ఉన్నది వ్రీహినో నీవారమో అతనికి చెప్పగలిగేది ఆ పుస్తకం ఒక్కటే.